వాడ ముచ్చట్లు – 23: నీళ్లు తాగడానికి పాచికెందుకన్నా?

పోయిన భాగంలో హాస్టళ్ల మెస్ చార్జీల గురించి రాశాను. దాని కింద ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఆదివారం రాత్రి తొమ్మిది దాటితే నువ్వు ఫోన్ ఎత్తవు. ఏం చేస్తుంటవ్?"

ఉద్యమంలో ఉన్నవాడు రాత్రిపూట ఫోన్ ఎత్తకపోతే జనానికి సవాలక్ష అనుమానాలు వస్తాయి. అందుకని ఇవాళ నిజం చెప్పేస్తున్నాను. ఆట ఆడుకుంటున్నాను.

నవ్వేవాళ్లు నవ్వండి. నవ్వు అయిపోయాక చదవండి. ఎందుకంటే ఇందులో కులం ఉంది, ఊరు ఉంది, వాడ ఉంది, నీళ్లున్నాయి. నేను చేసిన తప్పు కూడా ఉంది. ఆ తప్పు గురించి చెప్పడానికే ఈ పోస్టు.

ముందు ఆటేంటో చెప్తాను. ఐదారుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "మీరు అడవి దాటారు, ఎదురుగా పాడుబడ్డ కోట, తలుపు సగం తెరిచి ఉంది, ఏం చేస్తారు?" అని నడిపే మనిషి అడుగుతాడు. ఒకరు లోపలికి తొంగిచూస్తా అంటారు, ఒకరు కేకేస్తా అంటారు. అవుతుందో కాదో తేలని పని చేయబోతే పాచిక వెయ్యాలి. ఇరవై ముఖాల పాచిక. ఎంత పడిందనే దాన్ని బట్టి కథ ముందుకు పోతుంది. గెలుపోటములు పెద్దగా ఉండవు. స్క్రిప్టు లేని నాటకం అనుకోండి.

వీటన్నిటికీ పెద్దన్న డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చారు. అప్పట్లో ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఆడేవాళ్లు. ఇప్పుడు ఆ బల్ల ఇంటర్నెట్ మీదికి వచ్చింది. 2012లో రోల్20 అని ఒకటి వచ్చింది, బ్రౌజర్‌లోనే పటం పరిచి, బొమ్మలు జరిపి, పాచికలు వేసుకోవచ్చు. మాటలకు డిస్కార్డ్ ఉంది. మా గుంపులో ఏడుగురం. ఒకరు కరీంనగర్ పక్క పల్లె, ఒకరు గుంటూరు, ఇద్దరు హైదరాబాద్, ఒకరు బెంగళూరు, ఒకరు అమెరికాలో చదువుకుంటున్నారు. ఏడోవాణ్ణి నేను. అందరం వాడ నుంచి వచ్చినవాళ్లమే. ఇలాంటి ఏడుగురు ఒకే ఊళ్లో, ఒకే రోజు, ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం ఈ జన్మకు కాదు. అందుకే ఆన్‌లైన్.

నేను ఇందులోకి వచ్చింది 2020 లాక్‌డౌన్‌లో. ఒక పెద్ద నగరంలోని కుర్రాళ్ల గుంపు ఆన్‌లైన్‌లో ఆడుతుంటే ఎవరో నన్ను చేర్చారు. గుంపు పేరు ఇక్కడ అనవసరం. అంతా ఇంగ్లీషే. నా పేరు స్క్రీన్ మీద సగమే కనిపిస్తోంది. మొదటి రోజే ఒకాయన చాలా మర్యాదగా అడిగాడు: "ఫుల్ నేమ్ ఏంటి బ్రో?" అందరూ దయ్యాలు, మాంత్రికులు, మరుగుజ్జుల వేషాల్లో ఉన్నాం. ఆయన పాత్రకు తోక కూడా ఉంది. తోక ఉన్నవాడు నా ఇంటిపేరు అడుగుతున్నాడు! చెప్పాను. "ఓ, నైస్" అన్నాడు. ఆ "నైస్" ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అది భరించాను. అసలు సంగతి మూడో వారం జరిగింది.

ఆ రోజు కథలో ఒక ఊరు. ఊళ్లో గొర్రెలు మాయమవుతున్నాయి. ఊరి పెద్దలు మమ్మల్ని పిలిచి, వాగు అవతల గాబ్లిన్లు ఉంటారు, వాళ్ల పనే, వెళ్లి సంగతి చూడండి, తలకు ఇంత బంగారం ఇస్తాం అన్నారు. గాబ్లిన్లంటే పొట్టిగా, వికారంగా ఉండే జీవులని ఆ పుస్తకాల లెక్క. వెళ్లాం. వాగు అవతల గుడిసెలు. దొంగతనం చేసింది వీళ్లేనా అని ఎవరూ అడగలేదు. నిప్పు పెట్టారు. బయటికి పరిగెత్తినవాళ్లను కొట్టారు. నడిపే అతను "చిన్నపిల్లలు కూడా ఉన్నారు" అన్నాడు. ఒకతను నవ్వుతూ అన్నాడు: "గాబ్లిన్సే కదా. పిల్లలకు ఎక్స్‌పీ ఎంత?" ఎక్స్‌పీ అంటే అనుభవపు పాయింట్లు. ఎంత చంపితే అంత ఎదుగుతావు.

నేను మైక్ ఆపేశాను.

ఊరి బయట. వాగు అవతల. గుడిసెలు. తెల్లారగట్ల గుంపుగా వచ్చినవాళ్లు. ఈ బొమ్మ నేను పుస్తకంలో చూసింది కాదు. 1985 జూలై 17న కారంచేడులో ఏం జరిగిందో మా ఇళ్లల్లో పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. పెద్దవాళ్ల మాటల మధ్య వింటూ పెరుగుతాం. తాగునీళ్ల చెరువును మురికి చేస్తుంటే మన మనిషి అడ్డం చెప్పడంతో మొదలై, ఆరుగుర్ని తరిమి తరిమి చంపేదాకా పోయింది. ఆ తరిమినవాళ్లకు కూడా ఆ ఉదయం "గాబ్లిన్సే కదా" అనిపించి ఉంటుంది. ఆ కుర్రాళ్లు హంతకులని నేననడం లేదు. బహుశా మంచి పిల్లలే. ఊరి బయట గుడిసెలు కనిపిస్తే ఏ ప్రశ్నా లేకుండా నిప్పు పెట్టొచ్చు అనే లెక్క వాళ్లకు అంత సులువుగా ఎలా వచ్చింది? నేనడిగేది అది.

ఆ లెక్క ఎక్కడ మొదలైందో తెలుసుకుందామని పాత పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. కొన్ని సంగతులు మీకూ తెలియాలి.

1977 నాటి రాక్షసుల పుస్తకంలో ఓర్కులనే జాతి ఉంది. వాళ్ల స్థావరంలో మగవాళ్లు ఇంతమంది ఉంటే ఆడవాళ్లు అందులో సగం, పిల్లలు మగవాళ్లంతమంది ఉంటారని లెక్క రాసి ఉంది. పక్కనే స్వభావం: దుష్టులు. పుట్టిన పిల్ల కూడా దుష్టజాతే. 1980 ప్రాంతంలో మొదటిసారి ఆడేవాళ్ల కోసం పెట్టెలో పెట్టి అమ్మిన ఒక కథ ఉంది. ఒకవైపు గోడలు కట్టుకున్న కోట, అందులో నాగరికులు. కొంచెం దూరంలో గుహలు, ఒక్కో గుహలో ఒక్కో జాతి. అక్కడా ఆడవాళ్లు, పిల్లల లెక్క ఉంది. కోటలోంచి బయల్దేరి గుహలు ఖాళీ చేసి రావడమే ఆట. కోట స్థానంలో ఊరిని, గుహల స్థానంలో వాడను పెట్టి చూడండి. పటం మారదు.

1978 పుస్తకంలో ఇంకో పట్టిక ఉంది. ఏ జాతికి ఏ జాతి అంటే ఇష్టం, ఎవరిని సహిస్తారు, ఎవరంటే అసహ్యం, ఎవరంటే ద్వేషం అని అడ్డంగా నిలువుగా గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. అది చూడగానే నాకు బాబాసాహెబ్ చెప్పిన మెట్ల అసమానత గుర్తొచ్చింది. ఒకరి మీద ఒకరు, అందరికీ కింద ఇంకెవరో ఒకరు.

అన్నిటికన్నా 1981 నాటి పుస్తకం చూసి నోరెళ్లబెట్టాను. అందులో మనిషిగా పుడితే యోధుడో, మాంత్రికుడో, దొంగో, పూజారో ఏదైనా కావొచ్చు. మరుగుజ్జుగా పుడితే మరుగుజ్జే నీ వృత్తి. ఎల్ఫ్‌గా పుడితే ఎల్ఫే నీ వృత్తి. పుట్టుకే పని! ఎవరూ మనుస్మృతి చదివి రాసింది కాదది. రూల్సు సులువుగా ఉండాలని అలా చేశారు. సులువు కోసం చేసినా చివరికి వర్ణమే తయారైంది. కులమంటే పని విభజన అని వాదించేవాళ్లకు బాబాసాహెబ్ 1936లోనే జవాబిచ్చారు, అది పని విభజన కాదు, పనిచేసే మనుషుల్నే విడదీయడం అని. ఆ జవాబు ఈ పుస్తకానికీ సరిపోతుంది.

ఇవన్నీ పాత కథలు కదా అంటారా? నిజమే, చాలా మారింది. 2020 జూన్‌లో, అమెరికాలో నల్లజాతి జనం రోడ్ల మీద ఉన్నప్పుడు, ఆ కంపెనీ ఒక ప్రకటన ఇచ్చింది. ఓర్కులను, డ్రౌ అనే నల్లని ఎల్ఫ్‌లను తాము చూపించిన తీరు బయట కొన్ని జాతుల మనుషులను కించపరిచిన తీరులాగే ఉందని ఒప్పుకుంది. ఆ ఏడాది చివర్లో వచ్చిన పుస్తకంలో, జాతిని బట్టి వచ్చే బలం, తెలివి లాంటి లెక్కలను ఆడేవాళ్లు తమకిష్టమైనట్టు మార్చుకోవచ్చన్నారు. 2022 డిసెంబర్‌లో రేస్ అనే మాటే తీసేస్తామన్నారు. 2024 పుస్తకంలో దాని బదులు స్పీసీస్ అని వచ్చింది.

మంచిదే. కాకపోతే పేరు మార్చడం దగ్గర మనకు కాస్త అనుభవం ఉంది. మనకూ ఒకప్పుడు మనం అడగని పేరొకటి పెట్టి, దేవుడి పిల్లలన్నారు. బావి మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆ కంపెనీయే 2020లో ఆ ప్రకటన ఇచ్చి, 2022 ఆగస్టులో ఇంకో పుస్తకం తెచ్చింది. అందులో కోతుల్లాంటి ఒక జాతి. ఒక మాంత్రికుడు వాళ్లకు తెలివి తెప్పించి బానిసలుగా అమ్ముదామనుకున్నాడని కథ. నల్లజాతి ఆటగాళ్లు మండిపడితే సెప్టెంబర్ మొదట్లో క్షమాపణ చెప్పి ఆ భాగం తీసేశారు. పేర్లు మార్చడం రెండేళ్లలో అయిపోతుంది. కళ్లు మారడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది.

అదే 2022 జూలైలో ఇంకో పుస్తకం కూడా వచ్చింది. పదమూడు కథలు, రాసినవాళ్లంతా తెల్లజాతికి బయటి రచయితలు. అందులో నదులు, పొగమంచు ఉన్న శంఖభూమి అనే దేశం మీద ఒక కథ ఉంది. రాసింది మిమీ మండల్. కోల్‌కతాలో పుట్టిన దళిత రచయిత్రి. తన కులం దాచుకోకుండా రాసే మనిషి. ఆ పుస్తకంలో ఆమె పేరు చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. యాభై ఏళ్లు కావస్తున్న ఆటలో, దాని సొంత కంపెనీ అచ్చేసిన పుస్తకంలో, మన మనిషి కట్టిన దేశం ఒకటుంది. ఇక ఇందులో మనకేం పని అనే మాట నేను వినను.

మరి మనమే ఎందుకు నడపకూడదు?

2023 జనవరి 27న మనకు కలిసొచ్చిన పని ఒకటి జరిగింది. అంతకుముందు కొన్ని వారాలుగా ఆ కంపెనీ పాత లైసెన్సు మార్చి అందరి మీదా పట్టు బిగిద్దామని చూసింది. ఆడేవాళ్లంతా తిరగబడ్డారు. కంపెనీ వెనక్కి తగ్గి, ఆట మూల నియమాలున్న పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద వదిలేసింది. అంటే ఎక్కడిదో చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, తెలుగులోకి తెచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. జనం గట్టిగా అడిగితే ఎంత పెద్దవాడైనా కాగితం మార్చుకుంటాడనడానికి ఇదొక చిన్న రుజువు. ఆ పత్రంలోంచి అవసరమైనంత తెలుగులో రాసుకుని మా ఆదివారం ఆట మొదలుపెట్టాం. ఎవరూ పైసా పెట్టలేదు.

నడపడం ఎలాగని అడుగుతారు కాబట్టి మేం నేర్చుకున్నది చెప్తాను.

మొదటిది, ఫోన్. పటాలు, బొమ్మలు, వెలుగునీడలు అంటూ పెద్ద హంగామా పెట్టుకుంటే ల్యాప్‌టాప్ ఉన్నవాడే ఆడతాడు. మా ఏడుగురిలో నలుగురికి ఫోనే ఉంది. అందుకని పటాలు మానేశాం. నోటితో చెప్పుకుంటాం, మరీ అవసరమైతే కాగితం మీద గీసి ఫొటో పెడతాం. పాచికలకు డిస్కార్డ్‌లో ఒక బాట్ చాలు, ఒక ముక్క టైప్ చేస్తే అంకె పడుతుంది, అందరికీ కనిపిస్తుంది. డేటా తక్కువ పడుతుంది, మోసం ఉండదు.

రెండోది, గొంతు. మా గుంపులో ఒక చెల్లె ఉంది. ఇంట్లో ఒకటే గది. అమ్మా నాన్నా తమ్ముడూ పడుకున్నాక దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని ఆడుతుంది. మాట్లాడలేదు కాబట్టి టైప్ చేస్తుంది. వేరే గుంపుల్లో మైక్ లేకపోతే రావద్దంటారు. మా దగ్గర ఆమె టైప్ చేసింది నేను చదివి వినిపించేదాకా ఎవరూ ముందుకు పోరు. దానివల్ల ఆట నెమ్మదిస్తుంది, నెమ్మదించనీ. గొంతు పెద్దగా ఉన్నవాడి వైపే కథ పోవడం మనం సభల్లో చూడలేదా?

మూడోది, భాష. దెబ్బ, గాయం, ధైర్యం, ఒడుపు అంటూ తెలుగులో పేర్లు పెట్టుకున్నాం. కరీంనగర్ తమ్ముడు ఇంగ్లీషులో ఆడినన్ని రోజులు మాట్లాడిందే తక్కువ. వాడి భాషలోకి వచ్చాక గుంపులో అందరికన్నా ఎక్కువ నవ్వించేది వాడే.

అన్నీ బాగానే ఉన్నాయనుకుంటున్న రోజుల్లో నా తప్పు జరిగింది.

ఆ రోజు కథలో మా వాళ్లు మూడు రోజులు ఎండలో నడిచి ఒక ఊరు చేరారు. ఊరి మధ్యలో మెట్లబావి. హైదరాబాద్ తమ్ముడి పాత్ర గుర్రం మీద తిరిగే యోధుడు. "దిగి నీళ్లు తాగుతా" అన్నాడు. "నీళ్లు చల్లగా ఉన్నాయి, ప్రాణం లేచొచ్చింది" అన్నాను. తర్వాత చెల్లె టైప్ చేసింది. ఆమె పాత్ర డప్పు కొట్టే మనిషి, ఊరి బయట పుట్టింది. "నేను కూడా మెట్లు దిగి దోసిలితో తాగుతా."

నేను, ఇరవై ఏళ్లుగా జై భీమ్ అంటున్న నేను, అన్నాను: "చుట్టూ ఊరివాళ్లు చూస్తున్నారు. ఒకసారి పాచిక వెయ్యి. పదిహేను లేదా ఆపైన రావాలి."

చాలాసేపు ఏమీ రాలేదు. నెట్ పోయిందేమో అనుకున్నాను. తర్వాత వచ్చింది: "నీళ్లు తాగడానికి పాచికెందుకన్నా? ఆయన్ని అడగలేదుగా."

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఊళ్లో అలాగే ఉంటుంది కదా, వాస్తవాన్ని చూపించాలి కదా, ఉద్రిక్తత ఉంటేనే కథ కదా అని చెప్పబోయాను. సగం చెప్పేసరికి ఇంకో లైన్ వచ్చింది: "ఊళ్లో ఎట్లుంటదో నాకు తెలుసన్నా. ఇక్కడ కూడా ఎందుకు?"

వాయిస్‌లో ఒక్కరూ మాట్లాడలేదు. ఆ రాత్రి ఆట అక్కడే ఆగిపోయింది.

తెల్లవార్లూ ఆలోచించాను. ఈ ఆటలో మొట్టమొదటి పాఠం ఏంటంటే, తేలని పనికే పాచిక. తలుపు తెరిచి నడిచివెళ్లడానికి ఎవరూ పాచిక వెయ్యమనరు. కాబట్టి నడిపేవాడు పాచిక అడిగిన ప్రతిసారీ ఒక తీర్పు చెప్తున్నట్టే: ఇది నీకు దక్కొచ్చు, దక్కకపోవచ్చు. యోధుడి దాహానికి నేను తీర్పు చెప్పలేదు, చెల్లె దాహానికి చెప్పాను. ఇరవై ముఖాల పాచికలో పదిహేను నుంచి ఇరవై దాకా ఆరు ముఖాలు. అంటే నూటికి ముప్పై. ఆమె నీళ్లు తాగే హక్కుకు నేను కట్టిన విలువ అది. ఏ ఊరి పెద్దా ఇంత కచ్చితంగా లెక్క కట్టి ఉండడు.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగిన రోజు సంగతి మనం ప్రతి ఏడాదీ చెప్పుకుంటాం. చెప్పుకునేటప్పుడు ఒకటి మర్చిపోతాం. ఆ చెరువు అప్పటికే అందరిదీ. 1923లోనే బొంబాయి శాసనమండలి పబ్లిక్ నీళ్లు అందరికీ తెరవాలని తీర్మానం చేసింది. మర్నాటి ఏడు మహద్ మునిసిపాలిటీ కూడా తన చెరువు తెరిచామని తీర్మానించింది. అంటే తాగే హక్కు మీద అనుమానం లేదు, ఆపేవాళ్లు ఎంతదూరం పోతారన్నదే తేలని సంగతి. తేలనిదాన్ని నేను తప్పు మనిషి నెత్తిన పెట్టాను.

మరుసటి ఆదివారం మొదటి మాటే క్షమాపణ. తర్వాత కథను బావి దగ్గరికి వెనక్కి తిప్పాం. చెల్లె పాత్ర మెట్లు దిగింది, తాగింది, మొహం కడుక్కుంది. పాచిక లేదు. "ఊరివాళ్లు చూస్తున్నారు, ఏమంటావ్?" అని అడిగాను. ఆమె టైప్ చేసింది: "ఆపాలనుకుంటే వాళ్లను వెయ్యమను పాచిక."

ఇప్పుడు మా ఆటలో అది నియమం. ఆపేవాడే పాచిక వెయ్యాలి. తాగేవాళ్లు, నడిచేవాళ్లు, గుళ్లోకి వెళ్లేవాళ్లు, పెళ్లిగుర్రం ఎక్కేవాళ్లు వెయ్యరు. చిన్న మార్పే, కానీ కథ మొత్తం తిరగబడింది. ఇప్పుడు భయపడాల్సింది ఊరివాళ్లు. ఇంత చేస్తే మనకేమవుతుందో అని లెక్కలు వేసుకోవాల్సింది వాళ్లు.

గుంటూరు తమ్ముడు మాత్రం వేరే మాట అన్నాడు. "చెల్లెకు సెలవు కావాలి, నిజమే. నాకు ఆ గొడవ కావాలన్నా. బయట ఎట్లాగూ ఓడుతున్నా, ఇక్కడైనా కొట్లాడి గెలవాలి." ఇద్దరిదీ న్యాయమే. అందుకని కొత్త కథ మొదలుపెట్టే ముందు ఒక రాత్రి మాటలకే కేటాయిస్తున్నాం. ఏది అసలు రాకూడదు, ఏది వచ్చినా వివరంగా చెప్పకుండా దాటేయాలి అని ముందే అనుకుంటాం. మా జాబితాలో మొదటి రెండు: ఆడవాళ్ల మీద అత్యాచారం, వాడ తగలబడటం. ఈ పద్ధతి రాన్ ఎడ్వర్డ్స్ అనే ఆయన పెట్టింది. జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఇంకో ఆయన ఎక్స్ కార్డు అని పెట్టాడు, ఎవరికైనా కష్టమనిపిస్తే కార్డు ముట్టుకుంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు. ఆన్‌లైన్‌లో మాకు కార్డు లేదు కాబట్టి చాట్‌లో ఒక ఇంటూ గుర్తు పెడతాం. ఆట ఆగుతుంది. ఎందుకని ఎవరూ అడగరు.

ఇంకో ముచ్చట కూడా దాచకూడదు. ఒకరోజు గొప్పగా అన్నాను, "ఇది తెల్లోడి దగ్గర నేర్చుకోవాలా? రాత్రంతా కథ నడిపే విద్య మనదే. చిందు భాగోతం మనది, జాంబ పురాణం మనది" అని. గుంపులో ఒక తమ్ముడు డక్కలి వాళ్లబ్బాయి. నెమ్మదిగా అన్నాడు: "అన్నా, జాంబ పురాణం చెప్పేది మా తాతలు. మీ వాడకొచ్చి చెప్పేటోళ్లు. చెప్పినంక ఎక్కడ పండుకునేటోళ్లో మీ నాయనను అడుగు." అడిగాను. నాయన చాలాసేపు ఆగి, "వాడ బయట" అన్నాడు. ఊరి బయట వాడ, వాడ బయట డక్కలి గుడారం. 1978 పట్టికలో గళ్లు చూసి మెట్ల అసమానత అని రాసిన నాకు, నా మెట్టు కింద ఇంకో మెట్టుందని ఒక ఇరవై రెండేళ్ల పిల్లాడు చెప్పాల్సి వచ్చింది. ఆ నెల నుంచి మా గుంపులో కథ నడిపే కుర్చీ తిరుగుతోంది. ప్రతి నాలుగు వారాలకు కొత్త మనిషి. ఇప్పుడు నడుపుతున్నది ఆ తమ్ముడే. చెప్పకతప్పదు, నాకన్నా బాగా నడుపుతున్నాడు.

ఇక రెండు అభ్యంతరాలకు జవాబు చెప్పి ముగిస్తాను.

ఒకటి ఆ పాత గుంపు వాళ్లది. నేను వెళ్లిపోయేటప్పుడు ఎందుకో రాసి పెట్టాను. ఒకతను జవాబిచ్చాడు: "ఇట్స్ జస్ట్ ఎ గేమ్ బ్రో, ఆటలోకి కులం తేవద్దు." తమ్ముడూ, తెచ్చింది నేను కాదు. ఇంటిపేరు అడిగింది నువ్వు. వాగు అవతల గుడిసెలు పెట్టింది నువ్వు. వాళ్ల తలలకు వెల కట్టింది నువ్వు. నేను చేసింది దానికి పేరు పెట్టడం ఒక్కటే. ఆట ఆటే అయితే, గాబ్లిన్ల పిల్లను ఎత్తుకుని కాపాడితే ఎక్స్‌పీ ఎందుకు రాదు? రూల్సు రాసుకునేది మనమే కదా.

రెండోది మన పెద్దలది. ఇది బరువైనది. ఒక పెద్దాయన, నేను గురువుగా చూసుకునే మనిషి, అన్నాడు: "ఊళ్లల్ల పిల్లలు స్కాలర్‌షిప్ రాక కూలికి పోతుంటే నువ్వు దయ్యాల ఆట ఆడుతున్నవా?" ఆయన మాటలో నిజం ఉంది. ఈ ఆట డేటా ఉన్నవాళ్లది, ఆదివారం రాత్రి మూడు గంటలు ఖాళీ ఉన్నవాళ్లది. దీనివల్ల ఏ భూమీ దక్కదు, ఏ కేసూ గెలవదు. ధర్నాకు ఇది బదులు కాదు. సోమవారం కలెక్టరాఫీసు ముందు నేనుంటాను, పెద్దాయనా.

ఒక్కటి మాత్రం ఆలోచించండి. మన పిల్లలు ఊహించుకోవడానికి కూడా పర్మిషన్ అడిగేలా పెరుగుతున్నారు. దుప్పటి కింద ఫోన్ పట్టుకున్న ఆ చెల్లె మొదట్లో ప్రతి పనికీ "చెయ్యొచ్చా అన్నా?" అని రాసేది. తలుపు తెరవొచ్చా, కూర్చోవచ్చా, అడగొచ్చా. బావి దగ్గరి రోజు తర్వాత "చేస్తా" అని రాస్తోంది. పోయిన నెల వాళ్ల కాలేజీలో ఫీజు రసీదు ఇవ్వకుండా తిప్పుతుంటే, ఆఫీసులోకి వెళ్లి, ఇస్తారా లేదా రాసివ్వండి అని అడిగిందట. ఆట వల్లే అడిగిందని నేననను. ఆ పిల్లలో ధైర్యం ముందే ఉంది. కాకపోతే ఆ సంగతి నాకు చెప్తూ ఆమె పెట్టిన మెసేజ్ ఇది: "పాచిక వాళ్లనే వెయ్యమన్నా అన్నా."

మీలో ఎవరికైనా ఆడాలనుంటే కామెంట్ పెట్టండి. ఇంకో గుంపు కట్టుకుందాం. ఫోన్ చాలు, తెలుగు చాలు. ఇంటిపేరు ఎవరూ అడగరు.

వచ్చే భాగంలో మళ్లీ స్కాలర్‌షిప్ బకాయిల గురించి. ఆదివారం తొమ్మిది తర్వాత ఫోన్ మాత్రం చెయ్యకండి.

జై భీమ్.